కళాకారుని మాట – రేడియో నేర్పిన పాఠం

పాట గాలిలో పుట్టి గాలిలో కలసిపోతుంది. గ్రామఫోను వచ్చిన పిదప పాటకు కొంత స్థిరత్వం లభించినది. కాని ఆ పాట ఏ ఇంట, ఏ వేదనలో, ఏ శ్రమ నడుమ పుట్టినదో చెప్పగల గాయకుని మాట మాత్రం చాలా చోట్ల ఆయనతోనే అంతరించినది. ఈ లోటును ఒక నగరపు రేడియో కేంద్రం కొంతవరకు ఎట్లు తీర్చినదో విద్యార్థి లోకానికి తెలుపుటయే మా ఉద్దేశం.

అమెరికాలోని చికాగో నగరానికి దక్షిణ రాష్ట్రాల నుండి నల్లజాతి ప్రజలు లక్షల సంఖ్యలో బ్రతుకుతెరువు కోసం వలస వచ్చినారు. బ్లూస్, జాజ్ అను సంగీత రీతులు వారి వెంట వచ్చి అక్కడ వర్ధిల్లినవి. ఆ నగరంలోని డబ్ల్యు.ఎఫ్.ఎం.టి. రేడియోలో స్టడ్స్ టెర్కెల్ 1952 నుండి 1997 వరకు, అనగా 45 సంవత్సరాలు, కళాకారులతోను రచయితలతోను సంభాషణలు నడిపినారు. ఆయన 1912లో జన్మించినారు. తండ్రి దర్జీ. తల్లిదండ్రులు నడిపిన వసతిగృహంలో కార్మికుల మాటలు వింటూ పెరిగినారు. న్యాయశాస్త్ర పట్టా పొందియు ఆ వృత్తి చేపట్టలేదు. 1957లో జాజ్ విద్వాంసుల జీవితాలపై ఒక గ్రంథం వెలువరించినారు.

ఆయన సంభాషణా పద్ధతిలో మేము గ్రహించిన గుణాలు మూడు. మొదటిది సంసిద్ధత. అతిథి రచనను చదువకుండా, పాటను వినకుండా ఆయన ప్రశ్న వేసేవారు కారు. రెండవది, వ్యక్తిని గూర్చి గాక కళను గూర్చి ప్రారంభించుట. 1961లో నల్లజాతి రచయిత జేమ్స్ బాల్డ్విన్ వచ్చినప్పుడు టెర్కెల్ ముందుగా బెస్సీ స్మిత్ పాడిన బ్లూస్ పాటను వినిపించినారు. స్విట్జర్లాండు కొండపల్లెలో తన తొలి నవలను పూర్తి చేయుటకు ఆ గాయని రికార్డులే తనకు తోడైన వైనాన్ని బాల్డ్విన్ వివరించినారు. ఒక్క పాట ఒక జీవితానికి ద్వారం తెరచినది.

మూడవ గుణం సమదృష్టి. బ్లూస్ గాయకుడు బిగ్ బిల్ బ్రూంజీ ఐరోపాలో కచేరీలు చేసిన ప్రసిద్ధుడు; అయినను పొట్టకూటికై 1950 ప్రాంతంలో ఒక విద్యాలయంలో ఊడ్చి తుడిచే పని చేసినారు. టెర్కెల్ ఆయనను పండితునివలె గౌరవించి మాట్లాడించగా, ఆ సంభాషణను 1957లో ఫోక్‌వేస్ సంస్థ రికార్డుగా విడుదల చేసినది. అదే సంవత్సరం శస్త్రచికిత్స వలన బ్రూంజీ గొంతు పోయినది. 1958లో ఆయన కన్నుమూసినారు. ఆ సంభాషణ కొద్ది కాలం వాయిదా పడియున్నచో ఏమయ్యేదో పాఠకులే ఊహించగలరు.

టెర్కెల్ 2008లో మరణించినారు. ఆయన నడిపిన 5,000కు పైగా కార్యక్రమాలు చికాగో చరిత్ర ప్రదర్శనశాల అధీనంలో భద్రపరచబడినవి.

ఈ పాఠం మనకు దూరమైనది కాదు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద ముస్లిం కుటుంబంలో జన్మించి బుర్రకథకు పేరు తెచ్చిన షేక్ నాజర్ తన జీవితాన్ని నోట చెప్పగా, మరొకరు శ్రద్ధగా లిఖించినందువలననే ‘పింజారి’ అను గ్రంథం మనకు దక్కినది. వినువారు లభించుట ఆ కళాకారుని భాగ్యమా, మన భాగ్యమా? మన భాగ్యమే అని మా అభిప్రాయం.

మన వీధులలో ఖవ్వాలీ పాడిన తాతలు, మర్ఫా వాయించిన పెద్దలు, బుర్రకథ చెప్పిన వృద్ధులు ఇంకను ఉన్నారు. నేడు శబ్దగ్రాహక యంత్రం ప్రతి విద్యార్థి జేబులోని ఫోనులోనే ఉన్నది. కొరవడినది వినే ఓపిక మాత్రమే. కావున ఈ సెలవులలో ఒక్క పెద్దను ఆశ్రయించి, వారి అనుమతి పొంది, ముందు వారి పాట వినండి. పిదప ఒక ప్రశ్న వేసి మౌనం వహించండి. ఉర్దూలో చెప్పినను, తెలుగులో చెప్పినను, ఆ మాట చెప్పిన రీతిలోనే దాచిపెట్టండి. రేపటి చరిత్రకారుడు మీకు ఋణపడి ఉంటాడు.