నవమి పందిళ్ల వారం: ఎండా మనదే, వానా మనదే

చెల్లెళ్లూ, ఉగాది పచ్చడి తిన్నాం, నవమికి పందిళ్లు వేసుకుంటున్నాం. ఈ వారం ఇంటిపనైనా పొలంపనైనా ఆకాశాన్ని చూసి పెట్టుకోవాల్సిన వారం. మధ్యాహ్నం మూడింటి దాకా మాడు పగిలే ఎండ కాస్తుంది. నాలుగయ్యేసరికి ఏదో మూల మబ్బు లేచి, దుమ్ము రేగి, ఉరుములతో ఒక జల్లు కొట్టి పోతుంది. ఎండాకాలంలో ఈ వానేమిటమ్మా అని ఏటా అనుకుంటాం, ఏటా వస్తూనే ఉంటుంది. ఉత్తరాది నుంచి పొడిగాలి దిగుతుంది, బంగాళాఖాతం మీంచి తడిగాలి ఎక్కుతుంది. ఆ రెండూ కలిసే చోట నేల బాగా కాగి ఉంటే గంటా రెండు గంటల్లో మబ్బు నిట్టనిలువుగా పెరిగిపోతుంది. వార్తల్లో విదర్భ నుంచి తెలంగాణ, రాయలసీమల మీదుగా ద్రోణి ఉందని చెబుతారు చూడండి, గాలులు అలా కలిసే దారి అదే. ఆ మాట చెవిన పడిందంటే ఆ రెండు మూడు రోజులూ సాయంత్రం పనులేవీ ఆరుబయట పెట్టుకోకండి.

పత్రిక అచ్చయి మీ చేతికొచ్చేలోపు ఆకాశం మారిపోతుంది గనుక ఏ రోజు ఎన్ని డిగ్రీలో నేను చెప్పను. హైదరాబాద్, అమరావతి వాతావరణ కేంద్రాలు రోజూ బులెటిన్ ఇస్తాయి, అది చూడండి. చూసేటప్పుడు వాళ్ల లెక్క కూడా తెలిసి ఉండాలి. ‘ఒకటి రెండు చోట్ల’ అన్నారంటే ఆ ప్రాంతంలో వాన కొలిచే కేంద్రాల్లో నాలుగోవంతుకు మించి తడవవని. ‘కొన్ని చోట్ల’ అంటే సగం దాకా. మన ఊళ్లో చినుకు పడలేదంటే పక్క మండలంలో పడి ఉంటుంది, వాతావరణ కేంద్రం వాళ్లనేం తిట్టక్కర్లేదు. కల్లంలో సరుకున్న ఇల్లాలు మాత్రం ఆ ఒక్క చోటు తన ఊరేనని అనుకుని జాగ్రత్తపడాలి.

మిరపకాయ సంగతే తీసుకోండి. పల్నాడు, గుంటూరు, ప్రకాశం, ఖమ్మం వైపు ఈ రోజుల్లో కల్లాలన్నీ ఎర్రగా పరిచి ఉంటాయి. బాగా ఎండిన కాయను చెవి దగ్గర పెట్టి ఊపితే గింజ గలగలమంటుంది, తోలు మీద మెరుపుంటుంది. అదే కాయ ఒక్క రాత్రి తడిసిందా, మర్నాడు ఎంత ఎండబెట్టినా మచ్చ తేలి రంగు వెలిసిపోతుంది. ఏరి తాలు కింద వేయాల్సిందే. మంచికాయ ధర తాలుకి ఎప్పటికీ రాదు. ఆ ఏరుడంతా చేసేది ఎవరు? నడుము పట్టేసేలా వంగి, కారం ఘాటుకి తుమ్ముతూ, కళ్లు మండుతూ మనమే. కాబట్టి ద్రోణి ఉన్న రోజుల్లో మధ్యాహ్నం అన్నానికి ఇంటికెళ్లే ముందే పట్టాలు కల్లం పక్కన విప్పి, అంచులకు బరువులు సిద్ధం చేసి ఉంచండి. గాలి లేచాక పట్టా లాగడం ఇద్దరు ఆడవాళ్ల వల్ల అయ్యే పని కాదు. పొద్దున ఎండ రాగానే తీసెయ్యండి, లేకపోతే కింద ఆవిరి పట్టి బూజొస్తుంది.

గోదావరి జిల్లాల్లో దాళ్వా వరికి, తెలంగాణలో యాసంగి వడ్లకు కూడా ఇదే బెంగ. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే తీసుకోరు, మళ్లీ ఆరబోసుకోవాలి. మామిడి తోటలున్నవాళ్లకి వానకన్నా గాలి భయం. రాలిన పిందెలు మనకు పప్పులోకి వస్తాయి గానీ, చెట్టు కింద వాటిని చూసిన ఆ ఇంటివాళ్ల కడుపు తరుక్కుపోతుంది. ఇక వడియాలు, చల్లమిరపకాయలు అంటారా, ఆకాశం తేటగా ఉన్న రోజు చూసి పొద్దున్నే పెట్టి, మూడింటికల్లా లోపలికి తెచ్చుకోండి.

ఇప్పుడు ఎండ సంగతి. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల 40 దాటడం కొత్తేం కాదు. మైదానాల్లో 40 డిగ్రీలు చేరి, ఆ రోజుల్లో మామూలుగా ఉండాల్సిన దానికంటే నాలుగున్నర డిగ్రీలు పైనుంటే వడగాలి అంటారు. సముద్రపు ఒడ్డున మాత్రం 37 చేరి, మామూలుకంటే అంతే పైనుంటే చాలు, వడగాలే. అక్కడ గాలిలో తేమ ఎక్కువ గనుక చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం అక్కచెల్లెళ్లు మధ్యాహ్నం సముద్రపు గాలి కోసం చూస్తారు కదా, పడమటి గాలి బలంగా వీచిన రోజున అది లోపలికి రాలేదు. తీరం ఉడికిపోయేది ఆ రోజే. ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల వారీగా వడగాల్పుల జాబితా ఇస్తుంది, మీ మండలం ఉందేమో చూసుకోండి. 2015 మే ఎండలకు రెండు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైనే చనిపోయారు. వాళ్లలో ఎండలో కూలికెళ్లినవాళ్లు, ముసలివాళ్లు చాలామంది.

ఒక మాట దాచకుండా చెప్పుకుందాం. ఉపాధి పనికో, ఇటుకల బట్టీకో, మిరప కోతకో వెళ్లే ఆడవాళ్లు నీళ్లు తాగరు. దాహం లేక కాదు, చాటు లేక. పొద్దున బయల్దేరేటప్పుడు అర గ్లాసు తాగి, మళ్లీ ఇంటికొచ్చేదాకా గొంతు తడుపుకోరు. నెలసరి రోజుల్లో అయితే అదీ లేదు. ఎండ కంటే ముందు ఈ అలవాటే మనల్ని పడగొడుతుంది. ఈ వారం నలుగురూ కలిసి మేస్త్రీని అడగండి: నాలుగు గుంజలు పాతి పాత చీర చుట్టిన చాటు, నీడలో ఒక నీళ్ల కుండ. పని పొద్దున ఆరింటికి మొదలుపెట్టి పదకొండుకు ముగించమని కూడా అడగండి. ఒక్కరు అడిగితే వినకపోవచ్చు, కలిసి అడిగితే కాదనలేరు. సీసాలో ఉప్పు వేసిన మజ్జిగో, అంబలో పట్టుకెళ్లండి. తోటి మనిషి తూలుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బే. ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేసి, నీడకు చేర్చి, ఒళ్లంతా తడిగుడ్డతో తుడుస్తూ విసరండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి.

పగటి ఎండనే కాదు, రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రతనూ చూడండి. రాత్రి చల్లబడితేనే ఒళ్లు కోలుకుంటుంది. రేకుల ఇంట్లో, పై అంతస్తు శ్లాబు కింద పడుకునే బాలింతలకీ, పెద్దవాళ్లకీ ఈ రాత్రులు చాలా కష్టం. సాయంత్రం శ్లాబు మీద నీళ్లు చల్లి, పడక కింది గదిలోకి మార్చండి.

చివరిగా పిడుగు. మబ్బు పట్టగానే వేపచెట్టు కిందికో చింతచెట్టు కిందికో పరుగెత్తే అలవాటు ప్రాణాలు తీస్తోంది. ఉరుము వినబడిందంటే పిడుగు మన దాకా రాగలదని అర్థం. పక్కా ఇంట్లోకి వెళ్లండి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగండి. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన దామిని యాప్ మనకు 20, 40 కిలోమీటర్ల లోపు పిడుగులను చూపిస్తుంది. మీ ఫోన్‌లో వేసుకోండి. ఉత్త బటన్ ఫోన్‌తో పొలానికెళ్లే పక్కింటి వదినకి, పొద్దున మీరు చూసిన కబురు ఒక్క ఫోన్ కొట్టి చెప్పండి.