పద్దెనిమిది వాట్ల లాటరీ

ప్రశ్న: మాది తెక్కలకోట. బిట్‌యాక్స్ అనే చిన్న బిట్‌కాయిన్ మైనింగ్ మిషన్ సరదాగా ఇంట్లో పెట్టుకుందామనుకుంటున్నాను. కరెంటు బిల్లు పేలిపోతుందా? ఏమైనా మిగులుతుందా?

జవాబు: బిల్లు గురించి బెంగ వద్దండీ. బిట్‌యాక్స్ గామా మోడల్ లాగేది సుమారు 18 వాట్లు. రాత్రింబవళ్లు తిప్పినా నెలకు 13 యూనిట్లు. కాకపోతే మీకు కర్ణాటక ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి ఉంటే, ఈ పదమూడుతో వాడకం 200 దాటకుండా చూసుకోండి. దాటితే బిల్లు మొత్తం మీదే.

మిగులు మాటకొస్తే, ఒంటరిగా తవ్వితే బహుమతి ఇచ్చే బ్లాక్ తగలడానికి సగటున పదివేల ఏళ్ల పైమాటే. మీ ఊరి కొండల మీద కొత్త రాతియుగం వాళ్లు కాపురముండి సుమారు నాలుగు వేల ఏళ్లే అయింది! తగిలితే మాత్రం 3.125 బిట్‌కాయిన్లు, అమ్మినప్పుడు లాభం మీద 30 శాతం పన్ను. మిషన్ ఖర్చు, కరెంటు ఖర్చు అందులో తీసేయనివ్వరు.

అసలు చిక్కు మీ ఎండలతోనే. చిప్ వేడి 65 డిగ్రీలు దాటుతుంటే ఫ్రీక్వెన్సీ తగ్గించండి. నూర్పిళ్ల రోజుల్లో ఫ్యాన్‌లో దుమ్ము పేరుకుంటుంది, మెత్తటి బ్రష్‌తో దులపండి. ఫోన్ ఛార్జర్ తగిలించకండి, 5 వోల్టుల సరైన అడాప్టరే కొనండి. వైఫై 2.4 గిగాహెర్ట్జ్‌లో ఉండాలి, 5 అయితే మిషన్‌కు కనపడదు.