మార్గశిర మాసపు సేద్యము: వరిగడ్డిని గూర్చి

కృష్ణా, గోదావరి డెల్టాలలో సార్వా వరి కోతకు వచ్చి, పనలు ఆరి, కుప్పలు లేచుచున్న ఈ మార్గశిరమున రైతుల దృష్టి యంతయు ధాన్యపు ధరపైనను, తూర్పున పట్టు మబ్బుపైనను నిలుచుట సహజమే. గాని ధాన్యము బండి కెక్కిన పిదప మడిలో మిగిలిన గడ్డిని ఏమి చేయవలెనను ప్రశ్నకు ఎక్కువమంది అగ్గిపుల్లతో సమాధానము చెప్పుచుండుట మాకు విచారకరముగా నున్నది.

పైరు సూర్యరశ్మిని పట్టి గింజగను, గడ్డిగను నిలువచేయును. నేలనుండి నత్రజని, భాస్వరము, పొటాషు మొదలగు ద్రవ్యములను పైకి తోడును. తనపై పడిన యెండలో పైరు నిలుపుకొనునది సాధారణముగా నూటికి ఒకటి రెండు పాళ్లకు మించదు. అదియు దానిని తిన్న ప్రాణి దేహమున చాలవరకు వేడియై పోయి మరల రాదు. దానికై చింతింప పనిలేదు, రేపటి శక్తిని రేపటి సూర్యుడే తెచ్చును. పొటాషు నట్లు తెచ్చి యిచ్చువాడు లేడు. మడినుండి వెడలిన దానిని మడికే మరలింపవలెను, లేదా కొనవలెను.

వరి నేలనుండి తీసికొన్న పొటాషులో నాలుగింట మూడు వంతులకు పైగా గింజలోనికి పోక గడ్డిలోనే నిలుచును. టన్ను ఎండుగడ్డిలో 5 నుండి 8 కిలోల నత్రజనియు, 12 నుండి 17 కిలోల పొటాషియమును ఉండును; కావున ఎకరమునకు రెండు టన్నుల గడ్డి వచ్చు మడిలో ఒక పొటాషు బస్తాకు తక్కువ కాని సరుకు గడ్డిరూపమున పడియున్నదన్న మాట. నిప్పు పెట్టినచో నత్రజని దాదాపు పూర్తిగా గాలిలో కలియును; పొటాషు బూడిదలో చాలవరకు మిగిలినను, ఆ బూడిద గాలికెగిరి, వానకు కొట్టుకొనిపోయి పొరుగువాని బోదెకు చేరును. పొగతోబాటు కర్బనము కూడ పోవుటచే నేలలోని సూక్ష్మజీవులకు ఆహారము కరవగును.

దాళ్వా వేయదలచినవారు గడ్డిని దమ్ములో త్రొక్కించుట మంచిదే. గాని నాట్లకు ముందటి దినమున త్రొక్కింపరాదు. గడ్డిలో కర్బనము నత్రజనికంటె అరువది, ఎనుబది రెట్లుండును. దానిని కుళ్లించు సూక్ష్మజీవులు తమకు చాలని నత్రజనిని నేలనుండి లాగికొనుటచే లేతనాట్లు పసుపెక్కును. రెండు మూడు వారములు ముందుగా తడిలో కలియదున్ని, కొంత యూరియా చల్లినచో ఈ చిక్కుండదు. పచ్చిగడ్డిపై ఎడతెగక నీరు నిలిపినచో గాలి యాడక మీథేను వాయువు పుట్టును గనుక నడుమ నడుమ నీరు తీయుట మేలు.

పశువులున్న యింట గడ్డికి ఇంతకంటె మంచి త్రోవ కలదు. మేపగా మిగిలిన గడ్డిని కొట్టములో పశువుల క్రింద పరచి, మూత్రముతో నానిన దానిని ప్రతిదినము ఎరువుగుంటకు చేర్చవలెను. పశువు విసర్జించు నత్రజనిలో ఇంచుమించు సగమును, పొటాషులో అధికభాగమును మూత్రముననే యుండగా, పేడను మాత్రము జాగ్రత్తగా ఎత్తి మూత్రమును నేల త్రాగనిచ్చుట మన పల్లెలలో తరతరాల దుబారా.

దాళ్వాకు బదులు మినుము చల్లువారు వరికోతకు రెండు మూడు దినములు ముందుగా, మడిలో పదునుండగనే చల్లుదురు. ఎకరమునకు 16 నుండి 18 కిలోల విత్తనము కావలెను. చల్లార్చిన బెల్లపు పాకముతో రైజోబియము కలిపి, నీడన ఆరబెట్టి వాడుడు. పూతదశలో ఒక మొక్కను వేళ్లు తెగకుండ పెకలించి, కడిగి, వేరు బుడిపెను గోటితో చీల్చి చూడుడు: లోపల గులాబిరంగున్నచో గాలిలోని నత్రజని మొక్కకు అందుచున్నదని తెలియును; తెల్లగనో, ఆకుపచ్చగనో ఉన్నచో ఆ బుడిపె పనిచేయుట లేదు. ఈ పరీక్షకు కానీ ఖర్చు లేదు, అయినను చేయువారు మాత్రము అరుదు.

ఇక ఎలుకల మాట. కంకులను కొరికి కలుగులో దాచుకొను ఎలుకను గుడ్లగూబలును, పాములును తినును. ఇట్లు ఒకదానిని మరియొకటి తిను ఆహారపు గొలుసులో ఒక మెట్టునుండి మరియొక మెట్టునకు చేరు శక్తి స్థూలముగా పదవవంతు మాత్రమేనని 1942లో రేమండ్ లిండెమన్ ప్రకటించిన సరస్సు పరిశోధన నాటినుండి చెప్పుచున్నారు. కావున వేలకొలది ఎలుకలున్న ఆయకట్టున గుడ్లగూబలు కొలదిగనే యుండును; ఒకటి చచ్చినచో దాని లోటు త్వరగా తీరదు. విషము తిన్న ఎలుకను తిని గుడ్లగూబ చావకుండునట్లు, విషపు ఎరను గట్లపై వెదజల్లక కలుగులోనే పెట్టి, మరునాటినుండి చచ్చిన ఎలుకలను ఏరి లోతుగా పాతిపెట్టుడు. మడిలో అక్కడక్కడ అడ్డకఱ్ఱ కట్టిన గుంజలు పాతినచో రాత్రి గుడ్లగూబయు, పగలు మినుముపై లద్దెపురుగును ఏరు పిట్టలును వాలును. మినుము నూర్చు వరకు వాటిని పెరుకకుడు.