తలకు దెబ్బ తగిలినవారికి ఏమి పెట్టాలి? పసుపు, పత్యం, మన మెదడు



పసుపు తవ్వి ఉడకబెట్టే కాలం వచ్చిందంటే ఆర్మూరు చుట్టుపక్కల ట్రాక్టర్లు, లారీలు, మోటారు సైకిళ్ల రద్దీ పెరుగుతుంది. 44వ నంబరు, 63వ నంబరు జాతీయ రహదారులు రెండూ మన దగ్గరే కలుస్తాయి. బండి మీద నుండి పడి తలకు దెబ్బ తగిలినవారి బంధువులు మమ్మల్ని తరచుగా రెండు ప్రశ్నలు అడుగుతారు. "పసుపు పాలు తాగిస్తే మెదడుకు మంచిదట గదా?" అనేది ఒకటి. "పత్యం ఏం పెట్టాలె?" అనేది రెండవది. ఈ నెల ఈ రెండింటికీ జవాబు చెప్పుకుందాం.

మెదడుకు తిండితో పనేమిటి?

మన మెదడు శరీరం బరువులో నూటికి రెండు వంతులే. కాని విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం వాడుకునే శక్తిలో దాదాపు ఐదవ వంతు అదే తీసుకుంటుంది. తలకు దెబ్బ తగిలిన క్షణంలో కొన్ని కణాలు దెబ్బతింటాయి. అంతటితో ఆగదు. తరువాత గంటలు, రోజుల పాటు వాపు వస్తుంది, రక్తప్రసరణ తగ్గుతుంది, హాని చేసే పదార్థాలు పుడతాయి. వీటివల్ల చుట్టుపక్కల కణాలు కూడా నశిస్తాయి. దీనిని రెండవ దెబ్బ అనుకోవచ్చు. మొదటి దెబ్బ నుండి కాపాడేది హెల్మెట్టే. రెండవ దెబ్బను తట్టుకోవడానికి వైద్యంతో పాటు ఆహారం కూడా సాయపడుతుంది.

పసుపు సంగతి

పసుపుకు రంగునిచ్చే పదార్థం పేరు కర్కుమిన్. 2006లో అమెరికాలోని లాస్ ఏంజెలిస్‌లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు ఎలుకలకు నాలుగు వారాలు కర్కుమిన్ కలిపిన మేత పెట్టి, తరువాత మెదడుకు కొద్దిపాటి గాయం చేసి చూశారు. కర్కుమిన్ తిన్న ఎలుకలు నేర్చుకోవడంలో మెరుగ్గా ఉన్నాయి. విపరీతంగా కొవ్వు తిన్న ఎలుకల మెదడు మరింత నష్టపోతుందని కూడా అదే బృందం గమనించింది.

మన పంటకు ఇది మంచి మాటే. కాని ఎలుకలలో కనబడింది మనుషులలో ఇంకా రుజువు కాలేదు. 100 గ్రాముల పసుపులో కర్కుమిన్ సుమారు 3 గ్రాములే. అందులోనూ రక్తంలోకి చేరేది చాలా తక్కువ. మిరియాలలోని పైపరిన్ తోడైతే అది సుమారు 20 రెట్లు ఎక్కువగా చేరుతుందని 1998లో బెంగుళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల వారు చూపించారు. అయితే వారు ఇచ్చినది 2 గ్రాముల కర్కుమిన్. అంత కావాలంటే 65 గ్రాములకు పైగా పసుపు తినాలి! కావున కూరలో, చారులో రోజూ వేసే పసుపు, మిరియాలు మంచివే గాని, అవి తల గాయానికి మందు కావు.

ఇంకొక జాగ్రత్త. రంగు మెరవడానికి కొన్నిచోట్ల పసుపులో సీసం కలిసిన రంగు కలుపుతారు. సీసం నరాలకు, ముఖ్యంగా పిల్లల మెదడుకు విషం. పసుపు కొమ్ములు కొని, కడిగి, ఎండబెట్టి, గిర్నీలో పట్టించుకోవడం మేలు.

పప్పు తింటే చీము పడుతుందా?

మాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ నమ్మకమే. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వేడి చేస్తుందని రోగికి గంజి, బ్రెడ్డు మాత్రమే ఇస్తారు. చీము పట్టించేది పప్పు కాదు, గాయంలో చేరిన సూక్ష్మక్రిములు. గాయం మానడానికి కావలసిన మాంసకృత్తులు పప్పులో, గుడ్డులోనే ఉన్నాయి.

తలకు పెద్ద గాయమైనప్పుడు శరీరం తన కండను తానే కరిగించుకుంటుంది. 2008లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో 797 మంది రోగులను పరిశీలించిన నివేదిక ప్రకారం, ఐదు రోజుల వరకు ఆహారం అందనివారిలో మరణాలు రెండింతలు, ఏడు రోజుల వరకు అందనివారిలో నాలుగింతలు ఉన్నాయి. అందుకే స్పృహ లేనివారికి డాక్టర్లు ముక్కు ద్వారా గొట్టం వేసి ఆహారం ఇస్తారు. గొట్టం వేశారంటే ఆశ వదులుకున్నారని చాలామంది ఏడుస్తారు. అది ఆశ వదులుకోవడం కాదు, బ్రతికించే ప్రయత్నం.

రోజూ ఏమి తినాలి?

• జొన్న రొట్టె, పప్పు, పెసర్లు, పల్లీలు, పాలు, పెరుగు.
• గుడ్డు, వారానికి ఒకటి రెండుసార్లు చేప. శాకాహారులు అవిసెల పొడి వాడవచ్చు.
• పాలకూర, మునగాకు, జామ, ఉసిరి.
• నూనెలో వేయించినవి, తీపి తక్కువగా. కల్లు, సారా మానండి. రోజూ తాగేవారికి బి1 విటమిన్ తగ్గి నరాలు, మెదడు దెబ్బతింటాయి.

షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టరును అడిగి తినండి.

దెబ్బ తగిలిన వెంటనే

1. స్పృహ సరిగా లేనివారికి పసుపు పాలు కాదు గదా, నీళ్లు కూడా పోయవద్దు. ఊపిరితిత్తులలోకి పోతాయి.
2. తల గాయంలో పసుపు అద్దవద్దు. శుభ్రమైన గుడ్డతో మెల్లగా అదిమి పట్టండి.
3. కర్కుమిన్ గోలీలు రక్తం గడ్డకట్టడాన్ని తగ్గించవచ్చు. వాడుతుంటే డాక్టరుకు చెప్పండి.
4. వాంతులు, మత్తు, ఫిట్స్, ఎక్కువయ్యే తలనొప్పి, మాట తడబడడం, చెవి ముక్కుల నుండి నీరు లేక రక్తం కారడం, వీటిలో ఏది కనబడినా 108కి ఫోన్ చేయండి. మొదట బాగానే మాట్లాడినవారు కూడా కొన్ని గంటలకు మత్తులోకి జారవచ్చు. కాబట్టి ఆ రాత్రి ఒంటరిగా వదలవద్దు.

పసుపు మన వంటింట్లో ఉండనివ్వండి. హెల్మెట్ తల మీద ఉండనివ్వండి. ఇంట్లో ఎవరైనా గాయపడి మంచాన ఉంటే, ఈ రోజే వారి పళ్లెంలో పప్పు, గుడ్డు వడ్డించండి.