పలకల కాలం తీరాక భూమి సంగతి?

కర్నూలు అల్ట్రా మెగా సోలార్ పార్కు గని-శకునాల వద్ద, దాదాపు 5,900 ఎకరాల్లో, 1,000 మెగావాట్ల సామర్థ్యంతో 2017లో పూర్తయిందని పోటీ పరీక్షల అభ్యర్థులకు తెలిసిందే. సౌర పలక ఆయుష్షు సుమారు 25 ఏళ్లు. అంటే 2040ల మొదట్లో అక్కడి పలకలను విప్పాల్సి వస్తుంది. ఆ తర్వాత?

పలక బరువులో మూడొంతులు గాజే. చుట్టూ అల్యూమినియం చట్రం, లోపల సిలికాన్, సన్నటి వెండి గీతలు, అతుకుల్లో సీసం. పగిలిన పలకలను ఆరుబయట పారేస్తే ఆ సీసం నేలలోకి దిగే ప్రమాదం ఉంది.

గుర్తుంచుకోండి: ఈ-వ్యర్థాల (నిర్వహణ) నిబంధనలు-2022 సౌర పలకలకూ వర్తిస్తాయి. అమలు తేదీ 2023 ఏప్రిల్ 1. 2034-35 వరకు వచ్చే పలకల వ్యర్థాన్ని ఉత్పత్తిదారులే నిల్వ చేయాలి. ఐరోపా సమాఖ్య 2012లోనే పాత పలకల సేకరణ, రీసైక్లింగ్ బాధ్యతను తయారీదారులపై పెట్టింది.

పలకలు తీసేశాక నేల పునరుద్ధరణ కూడా తేలిక కాదు. ఉక్కు స్తంభాలు పెకలించి, భూగర్భ కేబుళ్లు, కాంక్రీటు దిమ్మెలు తీసేయాలి. యంత్రాల బరువుకు గట్టిపడ్డ మట్టిని లోతుగా దున్ని, పైమట్టి పరచి, గడ్డి మొలిపించాలి. అమెరికాలో అనేక కౌంటీలు ఈ ఖర్చు కోసం పూచీకత్తును ముందుగానే రాయించుకుంటాయి. మనకూ ఆ పద్ధతి అవసరం.

సౌరశక్తిపై వ్యాసం రాసేటప్పుడు ఈ కోణానికి ఒక పేరా తప్పక కేటాయించండి.