దూరప్రయాణము – విమాన కాలగణనము

దూరదేశములందున్న బిడ్డలను చూచుటకు మన గ్రామములనుండి తల్లిదండ్రులు విమానమెక్కి పోవుట నేడు అరుదు కాదు. వారు బయలుదేరిన పిమ్మట ఇంటనున్నవారు గడియారము చూచుచు కూర్చుందురు. లెక్క తప్పినచో లేనిపోని ఆందోళన కలుగును. కావున ఢిల్లీ, శాన్ ఫ్రాన్సిస్కో నగరముల మధ్య ప్రయాణమును ఉదాహరణముగా తీసికొని ఈ లెక్కను తెలిసికొందము.

మొదటిది దూరము. గోడకు తగిలించు పటముపై గీత గీచి దీనిని కొలువరాదు. భూగోళముపై ఈ రెండు నగరముల నడుమ దారమును బిగించి పట్టినచో, అది ఉత్తరధ్రువ ప్రాంతము మీదుగా పోవును. ఆ కొలత సుమారు 12,400 కిలోమీటర్లు. విమానములు అన్నివేళల ఈ దారినే పోజాలవు.

రెండవది గాలి. దూరము తగ్గిన కాలము తగ్గునని మనము తలంతుము. ఆకాశమున అది ఎల్లప్పుడు నిజము కాదు. దాదాపు 10 కిలోమీటర్ల ఎత్తున పడమటినుండి తూర్పునకు మిక్కిలి వేగముగా వీచు గాలులు కలవు. 2015 డిసెంబరులో ఎయిర్ ఇండియా సంస్థ ఈ నగరముల మధ్య ఎచటను ఆగని విమానమును ప్రారంభించినపుడు, అది అట్లాంటిక్ సముద్రము మీదుగా గాలికి ఎదురుగా పోయెడిది. 2016 అక్టోబరులో పసిఫిక్ సముద్రము మీదుగా నడిపిరి. దారి సుమారు 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300 అయినను, విమానము పదునాలుగున్నర గంటలలోనే చేరెను. ఏటివాలున సాగు పడవకును ఎదురీదు పడవకును గల భేదమే ఇది.

మూడవది గడియారము. భూమి 24 గంటలలో 360 డిగ్రీలు, అనగా గంటకు 15 డిగ్రీలు తిరుగును. మన దేశకాలమునకు ఆధారము కాకినాడ సమీపమునుండి పోవు 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము. శాన్ ఫ్రాన్సిస్కో కాలమునకు ఆధారము 120 డిగ్రీల పశ్చిమ రేఖాంశము. రెండింటి నడుమ 202½ డిగ్రీలు. 15 చేత భాగించిన 13½ గంటలు. మనము అంత ముందున్నాము. వేసవిలో వారు గడియారమును ఒక గంట ముందునకు జరుపుదురు గనుక అపుడు భేదము 12½ గంటలే.

చలికాలమున సోమవారము ఉదయము 4 గంటలకు ఢిల్లీలో బయలుదేరి, 16 గంటలు ప్రయాణించినారనుకొందము. మనకు రాత్రి 8 గంటలు. అచట అదే సోమవారము ఉదయము 6½ గంటలు. టిక్కెట్టు చూచినవారు రెండున్నర గంటల ప్రయాణమే అని భ్రమపడుదురు. తిరుగు ప్రయాణమున అచట సోమవారము ఉదయము 9 గంటలకు బయలుదేరినచో, 16 గంటల పిమ్మట మనకు మంగళవారము మధ్యాహ్నము 2½ గంటలు. అచటి వేళకే 16 కలిపి, మంగళవారము రాత్రి ఒంటిగంటకే వత్తురని విమానాశ్రయమునకు పోయినవారు పదమూడున్నర గంటలు పడిగాపులు పడవలసివచ్చును.

టిక్కెట్టుపై ఉండునవి ఆయా ఊరి వేళలని మరువరాదు. బయలుదేరు వేళను ముందుగా మన కాలమునకు మార్చి, పిమ్మట ప్రయాణపు గంటలు కలుపవలెను. వేళప్రకారము మందులు వాడు వృద్ధులు, ఏ గడియారమును అనుసరింపవలెనో వైద్యుని ముందుగనే అడిగి తెలిసికొనవలెను. ఈ చిన్న లెక్కను ఇంటి గోడపై వ్రాసి ఉంచినచో, ప్రయాణము చేయువారికిని, ఎదురుచూచువారికిని మనశ్శాంతి కలుగును.