పితూరీ: ఒకే మాట, రెండు అర్థాలు

"ఊరికే పితూరీలు చెప్పకు" అని మన ఇళ్లల్లో చిన్నపిల్లల్ని కసురుతుంటారు. అక్కడ పితూరీ అంటే చాడీ. అదే మాట చరిత్ర పుస్తకంలో కనబడితే తిరుగుబాటు. రంప పితూరీ గురించి చదివాక, ఈ రెండు అర్థాల మధ్య దూరం పెద్దగా లేదని నాకనిపించింది. ఎవరూ వినని మొరే చివరికి తిరుగుబాటు అవుతుంది.

రంప అనగానే మనకి గుర్తొచ్చేది 1922, అల్లూరి సీతారామరాజు. కానీ అంతకు 43 ఏళ్ల ముందే, 1879 మార్చిలో, ఆ గోదావరి కొండల్లోనే పెద్ద పితూరీ లేచింది. ఎందుకు?

మొదటి కారణం కల్లు. కొండరెడ్లకి, కోయలకి కల్లు సరదా కోసం తాగేది మాత్రమే కాదు. గింజలు తక్కువైన నెలల్లో కడుపు నింపేది కూడా అదే. ప్రభుత్వం కొత్త ఆబ్కారీ పద్ధతి తెచ్చి కల్లు హక్కుని గుత్తకిచ్చింది. తన చెట్టు తాను గీసుకోవాలన్నా గుత్తదారుకి డబ్బు కట్టాలి. ఇది చాలదన్నట్టు రంప మన్సబుదారు "చిగురుపన్ను" వసూలు చేశాడు.

రెండోది అప్పు. మైదానం నుంచి వచ్చిన వర్తకులు అప్పులిచ్చి కోర్టుకెక్కేవారు. కోర్టేమో కొండ దిగితే గానీ రాదు, ఆ కాగితాల భాష వీళ్లకి తెలీదు. హాజరు కాలేదని ఏకపక్షంగా డిక్రీ పడేది. అది పట్టుకొచ్చి వర్తకుడు పశువుల్ని తోలుకుపోయేవాడు.

మూడోది పోడు. రేకపల్లి ప్రాంతం 1874లో మధ్య పరగణాల నుంచి మద్రాసు ప్రెసిడెన్సీలోకి వచ్చాక అక్కడ పోడు మీద పన్ను బాగా పెరిగింది.

కొన్ని ఊళ్లకి పెద్దలుగా ఉండి శిస్తు కట్టే ముఠాదార్లు ముందు నిలిచారు. కారం తమ్మన్నదొర పేరు వాళ్లలో ముఖ్యమైనది. పోలీస్ స్టేషన్ల మీద దాడులు జరిగాయి. పితూరీ గొలుగొండకి, రేకపల్లికి పాకింది. అణచడానికి సైన్యం దిగాల్సి వచ్చింది.

ఆ తర్వాత ప్రభుత్వం మన్సబుదారుని తీసేసి, ముఠాల్ని నేరుగా ముఠాదార్లకే అప్పగించింది. అంటే మొర నిజమేనని ఒప్పుకున్నట్టే కదా! కానీ 1882లోనే మద్రాసు అటవీ చట్టం వచ్చింది. పోడు, మేత, అటవీ ఫలసాయం అన్నిటికీ ఆంక్షలే. దానికి తోడు గూడెం కొండల్లో రోడ్డు పనికి చాలీచాలని కూలిచ్చి బలవంతంగా పని చేయించారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషన్ మీద దాడికి వెనక ఉన్న కథ ఇదే. ఆ పోరాటంలో శిక్షపడిన గాం మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి ఎన్నికయ్యాడు. మన్యం మొర అప్పటికి గానీ ఢిల్లీ దాకా వెళ్లలేదు.

ఇదంతా మనకెందుకు అంటారా? రేకపల్లి ఉన్న వరరామచంద్రపురం మండలం ఇప్పుడు పోలవరం ముంపు మండలాల్లో ఒకటి. రేపు మనలో కొందరం రోడ్లు, డ్యాములు, గనుల డ్రాయింగులు వేస్తాం. కాంటూరు మ్యాపు మీద ముంపు గీత గీయడం ఒక్క నిమిషం పని. ఆ గీత లోపలున్న ఊరివాళ్లు చెప్పే పితూరీని చాడీగా కొట్టిపారేయకుండా, ముందే కూర్చుని వినగలిగితే మన చదువుకి అర్థం ఉంటుంది.